నుసి చెప్పే మాట

కర్రను కర్రతో రాస్తే నిప్పు పుడుతుందని చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. పుట్టించి చూపించమంటే మాత్రం అరచేతులు బొబ్బలెక్కుతాయి, నడుము పట్టేస్తుంది, పుల్ల కాస్త వేడెక్కుతుంది, పని అక్కడితో ఆగిపోతుంది. 'ఆదిమానవుడి ఓపిక వేరు, మనవల్ల అయ్యే పని కాదులే' అని లేచి అగ్గిపెట్టె కోసం జేబులు తడుముకుంటాం. మిమ్మల్ని ఆదిమానవుణ్ణి చేయాలని నాకేమీ లేదు. పొలం గట్ల మీద, చెరువు పక్కన, ఊరి బయట దొరికే చెట్టూ చేమతో నిప్పు రాజేయడం ఎలాగో ఈ అధ్యాయంలో చెబుతాను. చేతిలో ఒక చాకు ఉంటే చాలు. ఎంత కష్టపడ్డామో లెక్కవేసుకోవడం మానేసి, ఏం వచ్చిందో వంగి చూసుకునే అలవాటు ఈ పనిలో పట్టుబడినంతగా మరో పనిలో పట్టుబడదని నా నమ్మకం. అందుకే దీనికి ఈ పుస్తకంలో చోటిచ్చాను.

1835 నవంబరులో బీగిల్ ఓడ తాహితీ దీవికి చేరింది. ఆ ఓడలో వచ్చిన చార్లెస్ డార్విన్ వయసు అప్పటికి 26. స్థానికుల్ని తోడు తీసుకుని కొండల్లోకి వెళ్లాడు. రాత్రి బస దగ్గర వాళ్లు ఒక తెల్లటి తేలిక చెక్క తీసుకుని, దాని గాడిలో మొద్దుమొన పుల్లతో ముందుకూ వెనక్కూ రాశారు. సెకన్లలో నిప్పు వచ్చింది. డార్విన్ తానూ కూర్చున్నాడు. ఒళ్లు హూనమయ్యాక గానీ రాలేదని, వచ్చాక మాత్రం ఎంతో గర్వంగా అనిపించిందని యాత్రాకథనంలో రాసుకున్నాడు. ఈ పనికి అక్కడివాళ్లు ఆ ఒక్క చెక్కే వాడతారని కూడా రాశాడు. ఆయన గర్వం కన్నా ఈ చిన్న గమనిక మనకు ఎక్కువ పనికొస్తుంది. అది మందార జాతి చెట్టు. మన గోగు, బెండ, పత్తి అన్నీ ఆ కుటుంబానివే. చెక్క సరైనది కాబట్టే ఆలస్యంగానైనా ఆయనకు నిప్పు వచ్చింది. ఆ రాత్రి ఆయన చేతికి తుమ్మకర్ర ఇచ్చి ఉంటే తెల్లారేదాకా రాసినా చేతులు కాలేవి తప్ప చెక్క కాలేది కాదు.

అసలు జరిగేదేమిటంటే, రెండు చెక్కలు ఒరుసుకున్న చోట మెత్తటి నుసి రాలుతుంది. ఆ వేడికే నుసి మాడి బొగ్గవుతుంది. బొగ్గు నుసి ఒకచోట కుప్పపడి, దానికి గాలి తగులుతూ, వేడి దాదాపు 400 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే తనంతట తానే రగులుకుంటుంది. చెక్క మీద మంట లేస్తుందని ఎదురుచూసేవాళ్లు ఎప్పటికీ ఎదురుచూస్తూనే ఉంటారు. రగిలేది నుసి. మన పనల్లా నుసి రాల్చడం, రాలినదాన్ని చెదరనీయకుండా, చల్లారనీయకుండా చూడడం.

ఈ మాట అర్థమైతే ఏ కర్ర కావాలో అర్థమైనట్టే. గట్టి కర్ర నుసి రాల్చదు, రాసినకొద్దీ నునుపు తేలుతుంది. పైగా దట్టమైన కర్ర పుట్టిన వేడినంతా తన ఒంట్లోకి లాగేసుకుంటుంది. తేలిక కర్ర లోపలంతా గాలి అరలు. వేడి పుట్టినచోటే నిలుస్తుంది. టేకు, తుమ్మ, మద్ది, చండ్ర పొయ్యిలోకి మంచివి, ఇక్కడికి పనికిరావు. పరీక్ష సులువు. బాగా ఎండిన చెక్క మీద బొటనవేలి గోరు అదిమితే గాటు పడాలి. పడకపోతే పక్కన పెట్టేయండి, జాలి పడకండి.

నా మొదటి ఓటు బూరుగుకు. గాలివానకు విరిగి చెట్టు మీదే వేలాడుతూ ఎండిన కొమ్మ దొరికితే అంతకన్నా అదృష్టం లేదు. మునగ కూడా మంచిదే గానీ త్వరగా చీకిపోతుంది. చేత్తో నలిపితే పొడిపొడిగా రాలిపోయే కొమ్మ వద్దు. బాగా ముదిరి, నిలువునా ఎండిన జిల్లేడు మోడు ఊరూరా ఉంటుంది. నిర్మల్ బొమ్మలు చెక్కే పొణికి గురించి కూడా అడుగుతారు. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియని చెక్క అది, ఈ పనికి తగినదే. కానీ బొమ్మలు చేసేవాళ్లకే అది దొరకడం కష్టమవుతోంది. మన సరదాకు ఆ చెట్టు మీద కత్తి పెట్టొద్దు.

రెండు జాగ్రత్తలు. జిల్లేడు పచ్చిగా ఉన్నప్పుడు దాని పాలు కంట్లో పడితే కంటిపాపకే ముప్పు. ఎండినదాన్ని ఏరుకోండి, చేతులు కడుక్కోకుండా కళ్లు నులుముకోకండి. గన్నేరు జోలికి అసలు పోవద్దు, అది ఆకు నుంచి వేరు దాకా విషం.

ఇక ఎండడం. చాలామంది ఓడిపోయేది ఇక్కడే, అదీ తెలియకుండా. చెక్క తన చుట్టూ ఉన్న గాలిలోని తేమను పీల్చుకుంటూ వదులుతూ ఉంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్నచోట నిలవ ఉంచిన చెక్కలో దాని బరువులో 6 శాతం దాకా నీరుంటుంది. గాలి తేమ 90 శాతం ఉంటే అదే చెక్కలో 20 శాతం దాకా నీరు చేరుతుంది. ఆ నీరంతా ఆవిరయ్యేదాకా మీరు పుట్టించే వేడి దానికే ఖర్చయిపోతుంది. ఫాల్గుణంలో అనంతపురంలో రాజుకున్న చెక్కే శ్రావణంలో కోనసీమలో మొండికేస్తుంది. నేలమీద పడున్న కొమ్మ ఎంత ఎండినట్టు కనిపించినా నమ్మకండి, అడుగు నుంచి చెమ్మ పీలుస్తూనే ఉంటుంది. గాలిలో నిలబడి ఎండినదే ఎండినది.

రాయలసీమలో ఒక తోటలో కాలేజీ పిల్లలకు ఇది నేర్పుతున్నప్పుడు, వాళ్లలో కండలు తిరిగిన కుర్రాడు ఒకడు పుల్లను తిప్పే తాడును చొక్కా తడిసిపోయేలా లాగుతున్నాడు. కీచుమని చప్పుడు తప్ప పొగ లేదు. తోట కాపలా అవ్వ చాలాసేపు చూసి దగ్గరికొచ్చింది.

"ఏం నాయనా, పచ్చి పుల్లతో కుస్తీ పడుతుండావే?"

"లేదవ్వా, నెల కిందనే కొట్టి పెట్టింది."

"కొట్టి యాడో నీడలో పడేసింటారు. చెంపకు ఆనించి చూడు."

వాడు పుల్లను చెంపకు ఆనించుకున్నాడు. చల్లగా తగిలింది. అవ్వ కొట్టం చూరులోంచి ఎప్పటిదో ఒక బూరుగు ముక్క లాగి వాడి రెండో చెంపకు పెట్టింది. అందులో ఆ చల్లదనం లేదు. తేమ కొలిచే పరికరాలు బజారులో దొరుకుతాయి. మన చెంప వాటికేమీ తీసిపోదు. ఆ రోజు నుంచి నేను ఎవరికి నేర్పినా పని మొదలుపెట్టకముందు చెంప పరీక్ష పెట్టిస్తున్నాను.

మొదలుపెట్టేవాళ్లకు వడ్రంగుల పాత బరమా పద్ధతే మేలు. నాలుగు వస్తువులు కావాలి. అడుగున పీట, దాని మీద గిరగిరా తిరిగే కదురు, కదురును తిప్పే కమాను, కదురు నెత్తిన అదిమిపట్టే చిప్ప. పీట బొటనవేలంత మందం, మూడు వేళ్ల వెడల్పు ఉంటే సరి. కదురు బొటనవేలంత లావు, జానెడు పొడవు, వంకర లేకుండా ఉండాలి. రెండూ ఒకే కొమ్మ నుంచి తీస్తే మొదట్లో చిక్కు తక్కువ. కదురు అడుగు కొస మొద్దుగా, పై కొస పెన్సిల్ మొనలా చెక్కండి, ఎందుకంటే రాపిడి కావలసింది కింద. పైన ఎంత తక్కువ రాసుకుంటే అంత మంచిది. చిప్పకు కొబ్బరిచిప్ప ముక్క భేషుగ్గా పనికొస్తుంది. ఆముదపు గింజ ఒకటి నలిపి ఆ జిడ్డు చిప్ప లోపల పట్టించండి. ఆ గింజ నోట పెడితే ప్రాణం మీదికి వస్తుంది, పిల్లలకు అందనీయొద్దు, పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. జిడ్డు అంటిన కొసను పొరపాటున పీట మీదికి తిప్పితే ఆ గుంత ఇక రగలదు. అందుకే పై కొసకు చాకుతో ఒక గుర్తు గీసుకోండి.

కమాను చేయంత పొడవుండాలి, కొద్దిగా వంపు ఉండాలి, లాగినప్పుడు వంగిపోకూడదు. తాడు దగ్గర మాత్రం మీ పంతం కాస్త తగ్గించుకోమంటాను. గోగు నార, జిల్లేడు నార, మోదుగ వేళ్ల నుంచి తీసే నార, అన్నీ గట్టివే. రెండు పాయలుగా పేని తాడు చేసుకోవచ్చు. కానీ చేయి తిరగని వాళ్లు పేనిన తాడు కదురు మీద పట్టుమని పది చుట్లు తిరక్కముందే తెగిపోతుంది. తెగిన ప్రతిసారీ తప్పు తాడుదో, చెక్కదో, మీదో తేలదు. అందుకని మొదట బూటు లేసు కట్టండి. నిప్పు రావడం మొదలయ్యాక లేసు తీసేసి నార తాడు పెట్టండి. అది కుదిరాక కొత్త చెట్టు చెక్క ప్రయత్నించండి. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. అన్నీ ఒకేసారి మార్చి, రాకపోతే 'నా తలరాత' అనుకునేవాళ్లను ఉద్యోగాల్లోనూ చూశాను, వ్యాపారాల్లోనూ చూశాను.

పీట అంచుకు దగ్గరగా చాకు మొనతో చిన్న గుంత తవ్వండి. ఎడమ పాదంతో పీటను తొక్కిపట్టి, కుడి మోకాలు నేలకు ఆనించి కూర్చోండి. చిప్ప పట్టిన ఎడమ మణికట్టును కాలి ఎముకకు గట్టిగా ఆనించాలి. కదురు ఊగిసలాడకుండా ఉండేది ఈ ఆనింపు వల్లే, చేతి బలం వల్ల కాదు. కమాను తాడును కదురు చుట్టూ ఒక్క చుట్టు తిప్పి, ఈ కొస నుంచి ఆ కొస దాకా నిండుగా, నిదానంగా లాగండి. గుంత గోధుమరంగు తిరిగి పొగ రాగానే ఆపేయాలి. అప్పుడు పీట అంచు నుంచి గుంత నడిమధ్యకు కొంచెం ఇవతల దాకా ముక్కోణంగా గాటు కోయండి. గుంతను ఎనిమిది ముక్కలు చేస్తే ఒక ముక్కంత. నుసి పోగయ్యేది ఇందులోనే. గాటు మరీ ఇరుకైతే గాలి ఆడదు, మరీ వెడల్పయితే నుసి చెదిరిపోయి వేడి పోతుంది. గాటు కింద ఎండుటాకు ఒకటి పరవండి.

ఇప్పుడు అసలు పని. మళ్లీ లాగడం మొదలుపెట్టి, కాసేపటికి ఆపి, ఆకు మీద పడిన నుసిని చూడండి. ఇది చూడకుండా ఆవేశంగా లాగేవాళ్లకు సలహా చెప్పడం దండగ. నుసి లేత రంగులో, ముతకగా ఉందా? వేడి చాలడం లేదు, వేగం పెంచండి, చిప్పను ఇంకాస్త అదమండి. పొడవాటి పోగుల్లా, చుట్టుకుపోయి రాలుతోందా? చెక్కలో తేమ ఉంది, లేదా మీరు మరీ అదుముతున్నారు. నుసే లేకుండా కీచుమంటోందా, గుంత అద్దంలా మెరుస్తోందా? నునుపు తేలింది, చాకుతో గీకి చిటికెడు సన్న ఇసుక వేయండి. ముదురు గోధుమ దాటి నలుపు తిరుగుతూ, వేళ్ల మధ్య మెత్తగా నలుగుతోందంటే దారిలో ఉన్నట్టే. ఇక ఆపొద్దు. గాటు నిండేదాకా ఒకే లయలో లాగి, నిండాక చివరి కాసేపు మాత్రం ఉన్న వేగమంతా పెట్టండి. బలమున్నవాళ్లు ఈ చివరి వేగాన్ని మొదట్లోనే ఖర్చుపెట్టేస్తారు. బక్కపలచటి పిల్లలు, నుసి చూసి సర్దుకునేవాళ్లు వాళ్లకన్నా ముందు నిప్పు తీయడం నేను పదేపదే చూశాను.

కదురు ఆపాక కూడా నుసి కుప్పలోంచి పొగ లేస్తూనే ఉంటే నిప్పు పుట్టింది. అప్పుడు చేయాల్సింది ఏమీ లేదు, అదే కష్టం. అందరూ గబగబా ఊది చెదరగొట్టేస్తారు. ఆగండి. కదురు మెల్లగా తీసి, పీటను పుల్లతో తట్టి పైకెత్తండి. చేత్తో గాలి విసరండి, అంతే. నిమిషంలో కుప్ప లోపల ఎర్రటి చుక్క కనిపిస్తుంది, నుసి ముద్దకట్టి ఒక కణికగా నిలుస్తుంది. ఈ నిమిషంలో మీరు ఊపిరి పీల్చుకోవచ్చు, నుదురు తుడుచుకోవచ్చు. కణిక ఎక్కడికీ పారిపోదు.

దాన్ని పడుకోబెట్టే గూడు ముందే సిద్ధంగా ఉండాలి. కొబ్బరి పీచు, తాటి పీచు, ఎండు దర్భ, నలిపిన వరిగడ్డి, ఏదైనా సరే, వేళ్లతో నలిపి, చీల్చి, వెంట్రుకంత సన్నం చేయాలి. నడిమధ్య కాస్త బూరుగు దూదో జమ్ము పువ్వు నూగో పెట్టండి. దూది ఒక్కటే పెడితే గుప్పున వెలిగి మాయమైపోతుంది. దాని వెనక నిలకడగా కాలే పీచు ఉండాలి. పొడిచేసిన పిడక చిటికెడు కలిపితే కణిక చాలాసేపు ఉంటుంది. పొరుగింటి పొయ్యిలోంచి పిడక మీద నిప్పు తెచ్చుకున్న మన అమ్మమ్మలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కణికను గూట్లో జారవిడిచి, పీచును దగ్గరికి మూసి, ముఖం ఎత్తు కన్నా కాస్త పైన పట్టుకుని, సన్నగా, పొడవుగా ఊదండి. పొగ తెల్లగా చిక్కబడుతుంది. ఆపైన మంట ఒక్కసారిగా లేస్తుంది, వేళ్లు జాగ్రత్త.

మన దేశంలో ఈ విద్య ఇంకా కర్మకాండలో భాగంగా మిగిలిన చోటొకటుంది. గోదావరి డెల్టాలో ఇప్పటికీ ఉన్న ఆహితాగ్నుల, అంటే ఇంట్లో వైదిక అగ్నుల్ని నిలుపుకునేవాళ్ల ఇళ్లలో, సోమయాగాల్లో అగ్నిని అరణితో, అంటే నిప్పు పుట్టించే చెక్కతో మథిస్తారు. జమ్మిచెట్టును ఆధారం చేసుకుని మొలిచిన రావి నుంచి అరణి తీయాలని శాస్త్రం. రావి తేలిక చెక్క, గోటి పరీక్షకు నిలుస్తుంది. ఒకరు పైనుంచి కదురును అదిమిపడితే, మరొకరు దానికి చుట్టిన తాడును కవ్వం తిప్పినట్టు రెండు చేతులా లాగుతారు. పని ఇద్దరికి పంచడంలోని తెలివి చూడండి. మీ ఇంట్లో పిల్లలతో చేసేటప్పుడు ఇదే పాటించండి: కమాను పక్కన పెట్టి తాడు ఒకరికి, చిప్ప ఒకరికి. పదేళ్ల పిల్లలకు కూడా పొగ వస్తుంది.

చేయి తిరిగాక మిగతా పద్ధతుల వైపు వెళ్లండి. టాంజానియాలోని హడ్జా వేటగాళ్లు కమానూ తాడూ లేకుండా రెండు అరచేతుల మధ్య పుల్ల తిప్పుతారు. దానికి సన్నటి, లోపల బెండు ఉన్న కాడలు కావాలి. మన గోగు పుల్లలతో ప్రయత్నించవచ్చు, అరచేతులు కాయలు కాసేదాకా తొందరపడకండి. వెదురు ఎక్కువున్న చోట ఎండు వెదురు బద్ద అంచును మరో వెదురు దబ్బ మీద రంపంలా కోస్తూ నిప్పు తీసే పద్ధతి ఉంది. ఎడ్గార్ థర్‌స్టన్ 1906లో దక్షిణ భారత ప్రజల మీద వేసిన పుస్తకంలో రాపిడి నిప్పుకు ఒక అధ్యాయమే కేటాయించాడు. మన చెంచుల చేతిలో ఎక్కువగా కనిపించింది చెకుముకి. ఇనుము దొరికాక కదురు తిప్పడం ఎందుకనుకుని ఉంటారు, వాళ్లను తప్పుపట్టలేం.

ఎక్కడ చేయాలన్నది చివర్లో చెబుతున్నా ముందు పాటించాల్సింది. రిజర్వు ఫారెస్టులో నిప్పు రాజేయడం నేరం. ఎండిన గడ్డి ఉన్న బీడులో, వేసవి గాలిలో ఈ పని చేయడం నేరం కాకపోయినా తెలివితక్కువ. పెరట్లో, గడ్డి చెక్కేసిన నేల మీద, పక్కన బిందెడు నీళ్లు పెట్టుకుని చేయండి. అయిపోయాక బూడిద మీద నీళ్లు పోసి, చేత్తో తాకి, వేడి లేదని తేలాకే అక్కణ్నుంచి కదలండి. కోస్తాలో ఉన్నవాళ్లు మాఘం వచ్చేదాకా ఆగడం మంచిది. ఈలోగా మీ వీధిలో విరిగి వేలాడుతున్న బూరుగు కొమ్మో మునగ కొమ్మో కనిపిస్తే యజమానిని అడిగి తెచ్చి, వాన పడని చోట, పొయ్యి సెగ తగిలేలా కట్టి ఉంచండి.